గేబో సంగతులు బాబాయికి

డబ్లిన్ నుంచి

బాబాయ్‌కి,

మొన్న నువ్వు అడుగుతుండగానే పిన్ని ఫోన్ లాగేసుకుంది, నీకు జవాబు చెప్పడం కుదర్లేదు. ఐర్లండ్‌లో ఇంకా రేడియో వింటున్నారా, వింటే ఎవర్ని వింటారు అని కదా అడిగావు. వింటారు, బాగానే వింటారు. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో పొద్దున్న మందులిచ్చే వేళకే గదిగదిలో రేడియో మోగుతూ ఉంటుంది. కానీ రేడియోవాళ్లలో గొప్ప ఎవరమ్మా అంటే మా ముసలాళ్లు ఇప్పటివాళ్ల పేర్లు చెప్పరు. గే బర్న్ అంటారు, ఏళ్ల తరబడి రేడియోలోనూ టీవీలోనూ కార్యక్రమాలు నడిపినవాడు. ఆయన 2019లోనే పోయాడు. అయినా "గేబో" అంటూ పక్కింటి మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. ఆకాశవాణిలో మైకు ముందు కూర్చున్నవాడివి, ఈయన సంగతి నీకు చెప్పకపోతే నాకు తోచదు. ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ వాళ్లు పాత కార్యక్రమాల తునకలు నెట్‌లో పెట్టారు. నైట్ డ్యూటీ చేసి వచ్చి నిద్ర పట్టనప్పుడు అవే చూస్తున్నా.

1934లో డబ్లిన్‌లోనే పుట్టాడు. తండ్రి గిన్నెస్ బీరు కంపెనీ పడవల మీద పనివాడు. సింగ్ స్ట్రీట్‌లో క్రైస్తవ బ్రదర్స్ నడిపే బడిలో చదివాడు. అదే బడిలో ముందు చదువుకున్న ఎయమన్ ఆండ్రూస్ బీబీసీకి వెళ్లి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. నేనూ అలా కావాలి అని ఈయనకి పిల్లప్పుడే పడిపోయింది. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి, 1958లో రేడియోలో అనౌన్సర్‌గా చేరాడు. కొన్నాళ్లు మాంచెస్టర్ వెళ్లి గ్రనాడా టీవీలోనూ చేశాడు.

ఇక్కడ టీవీ మొదలైందే 1961 డిసెంబరు 31న. మరుసటి ఏడు వేసవిలో, అంటే 1962 జులై 6న, ఖాళీ నెలల్లో ఏదో ఒకటి నడవాలి కదా అని లేట్ లేట్ షో అనే కబుర్ల కార్యక్రమం పెట్టారు. ఆ తాత్కాలికపు షోని ఈయన 1999 దాకా నడిపాడు! అంతా లైవ్, ఎదురుగా జనం. పైగా చాలా ఏళ్లు నిర్మాతా తనే. ఎవర్ని పిలవాలి, ఎప్పుడు ఆపాలి, ఏ మాట దగ్గర వదిలెయ్యాలి, అన్నీ ఆ కుర్చీలో కూర్చునే తేల్చుకోవాలి. నీకైతే ఆ కష్టం నేను విప్పి చెప్పక్కర్లేదు.

అప్పటి ఐర్లండ్ ఎలా ఉండేదో తెలిస్తే తప్ప ఈయన చేసింది అర్థం కాదు. చర్చి మాటే మాట. విడాకులు రాజ్యాంగమే ఒప్పుకోదు, గర్భనిరోధక సాధనాలు అమ్మితే నేరం. 1966లో ఒక సరదా పోటీ పెట్టాడు. భార్యనీ భర్తనీ విడివిడిగా ఒకే ప్రశ్నలు అడిగి, జవాబులు కలుస్తాయా లేదా అని చూడ్డం. పెళ్లయిన రాత్రి మీ ఆవిడ నైటీ రంగేమిటి అని భర్తని అడిగాడు. తర్వాత భార్య వచ్చి, అసలు వేసుకున్నట్టు గుర్తు లేదు అంది. జనం పడీపడీ నవ్వారు. క్లాన్‌ఫర్ట్ బిషప్ గారు మాత్రం నవ్వలేదు. తెల్లారి చర్చిలో ప్రసంగం ఇచ్చి ఆ షో చూడొద్దన్నాడు. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి, చివరికి షో వాళ్లు విచారం వెలిబుచ్చాల్సి వచ్చింది. ఇక్కడి రాజకీయ నాయకుడొకడు, టీవీ రాకముందు ఐర్లండ్‌లో శృంగారమనేదే లేదు అన్నాట్ట. ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతారు. (పిన్నికి ఈ పేరా చదివి వినిపించు. ఏమంటుందో నాకు రాయి.)

ఆ తర్వాత, ఎవరూ పైకి మాట్లాడని సంగతులు ఒక్కొక్కటే ఆ షోలోకి వచ్చాయి. 1971లో ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడే గుంపు వచ్చి కూర్చుంది. 1980లో జోనీ క్రోన్ అనే ఆవిడ, నేను ఆడవాళ్లనే ప్రేమిస్తాను అని దేశమంతా చూస్తుండగా చెప్పింది. ఈయన విప్లవకారుడేం కాదు బాబాయ్. చూడ్డానికి బ్యాంకు మేనేజరులా ఉంటాడు, టై సరిగ్గా కట్టుకుని. తన అభిప్రాయం ఏమిటో చాలాసార్లు తెలియదు కూడా. అడగాల్సింది అడిగి ఊరుకుంటాడు. ఎదుటి మనిషి ఆగిపోతే వెంటనే అందుకోడు. ఆ ఖాళీని అలాగే ఉంచేస్తాడు. నిశ్శబ్దం వస్తే స్టేషన్ ఆగిపోయిందనుకుంటారని మీ డ్యూటీ ఆఫీసరు భయపడేవాడని చెప్పేవాడివే, దాన్నే ఈయన వాడుకున్నాడు.

నాకు మాత్రం టీవీ కంటే ఆయన రేడియోనే గొప్ప అనిపిస్తుంది. 1973లో మొదలైంది, 1998 దాకా నడిచింది. పొద్దుటి పూట, ఇంట్లో ఆడవాళ్లు వంటపనిలో ఉండే వేళ. జనం ఉత్తరాలు రాసేవాళ్లు, ఈయన చదివేవాడు. దుకాణంలో మోసం, పక్కింటితో తగువు, అలాంటివే ఎక్కువ. 1984 దాకా.

ఆ ఏడు జనవరి 31న, లాంగ్‌ఫర్డ్ జిల్లాలో గ్రానార్డ్ అనే చిన్న ఊళ్లో, యాన్ లవెట్ అనే పదిహేనేళ్ల పిల్ల ఊళ్లోని మేరీమాత విగ్రహం దగ్గర ఒంటరిగా ప్రసవించింది. బిడ్డ బతకలేదు. ఆ సాయంత్రమే తనూ పోయింది. కడుపులో బిడ్డ ప్రాణానికి తల్లి ప్రాణంతో సమానమైన హక్కు ఇస్తూ రాజ్యాంగాన్ని సవరించి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. ఊరు నోరు మెదపలేదు. కానీ రేడియోకి ఉత్తరాలు మొదలయ్యాయి. ఫిబ్రవరి 23న గే బర్న్ తన కార్యక్రమం దాదాపు మొత్తం వాటికే ఇచ్చేశాడు. ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ పోయారు. వ్యాఖ్యానం లేదు, సలహా లేదు, మీరేమంటారు అని ఫోన్‌లో నిపుణుడెవర్నీ పిలవలేదు. పెళ్లికాకుండా కన్నవాళ్లు, ఎవరికీ చెప్పకుండా కన్నవాళ్లు, పుట్టిన బిడ్డను తీసుకుపోతే మళ్లీ చూడనివాళ్లు. చాలామంది నలభై యాభై ఏళ్లుగా మొగుడికి కూడా చెప్పని సంగతి కాగితం మీద పెట్టి ఈయనకి పంపారు.

మా ఆశ్రమంలో ఒకావిడ ఆ పొద్దున విన్నది. ఇస్త్రీ చేస్తూ ఉన్నాను, పెట్టె ప్లగ్గు తీసేసి కుర్చీలో కూలబడ్డాను అంది. మాట వరసకి అన్నదే, నేను ఇంకేమీ అడగలేదు. ఆ సవరణను మళ్లీ ఓటు వేసి తీసేసింది 2018లో. రేడియో వల్లే జరిగిందని నేననను. మధ్యలో ముప్పై నాలుగేళ్లు ఉన్నాయి, ఎందరో కొట్లాడారు. కానీ ఇది మా ఇంట్లో మాత్రమే కాదు అని ప్రతి ఇంటికీ తెలిసిన పొద్దు మాత్రం అదే.

ఇదంతా చదివి ఆయన్ని దేవుణ్ణి చేసెయ్యకు. 1993లో ఆనీ మర్ఫీ షోకి వచ్చింది. గాల్వేలో, పెళ్లి చేసుకోకూడని క్యాథలిక్ బిషప్‌గా ఉన్న ఎయమన్ కేసీకీ ఆవిడకీ ఒక కొడుకున్నాడు, ఆ సంగతి అంతకు ముందు ఏడే బయటపడింది. ఆ రాత్రి గే బర్న్ గొంతే వేరు. నిలదీస్తున్నట్టు అడిగాడు. చివర్లో, మీ అబ్బాయి వాళ్ల నాన్నలో సగం మంచివాడైనా చాలు అన్నాడు. నేనూ అంత చెడ్డదాన్ని కాదులెండి బర్న్ గారూ అని చెప్పి ఆవిడ లేచి వెళ్లిపోయింది. ఆ వీడియో చూస్తే నాకు ఒళ్లు మండింది. ఉత్తరాల్లో అన్నేసి గొంతులు విన్న మనిషి, ఎదురుగా కూర్చున్న ఆవిడ మాట వినలేకపోయాడు. బిషప్ తెలిసినవాడు కావడం వల్లో, పెరిగిన పద్ధతి వల్లో మరి.

సొంత బతుకులో దెబ్బలూ తిన్నాడు. దగ్గరి స్నేహితుడని నమ్మి డబ్బు అప్పజెప్పిన అకౌంటెంటు చనిపోయాక చూసుకుంటే, దాచుకున్నదంతా పోయింది. అందుకే అన్నాళ్లు పనిచేశాడంటారు. 1999 మేలో ఆఖరి షో రోజు ఇక్కడి రాక్ బ్యాండ్ యూ2 వాళ్లు ఒక హార్లీ డేవిడ్‌సన్ మోటారుసైకిల్ ఇచ్చారు. తర్వాత రోడ్డు భద్రతా సంస్థకి అధ్యక్షుడయ్యాడు. 2011లో దేశాధ్యక్ష పదవికి నిలబడమని అడిగితే వద్దన్నాడు.

ఎనభయ్యో ఏట ఇంకొకసారి దేశాన్ని కుదిపాడు, అదీ ఒక్క ప్రశ్నతో. 2015లో స్టీఫెన్ ఫ్రై అనే ఇంగ్లండ్ నటుణ్ణి, పోయాక నిజంగానే దేవుడు ఎదురుపడితే ఏమంటావు అని అడిగాడు. నాస్తికుడు కదా, పసిపిల్లలకి ఎముకల క్యాన్సర్ ఏమిటని నిలదీస్తానన్నాడు. ఆ జవాబు వింటుంటే గే బర్న్ మొహం చూడాలి నువ్వు! భక్తుడాయన, బాధ కనిపిస్తూనే ఉంది. అయినా అడ్డు పడలేదు. ఒకాయన దైవదూషణ అని పోలీసులకి ఫిర్యాదు చేశాడు. 2017లో పోలీసులు విచారించి వదిలేశారు. మరుసటి ఏడు ఓటింగులో దైవదూషణ నేరాన్ని రాజ్యాంగంలోంచే తీసేశారు.

2016లో తన ఆదివారం రేడియో కార్యక్రమంలోనే, నాకు క్యాన్సర్ అంటున్నారు, ఆస్పత్రికి వెళ్తున్నాను అని శ్రోతలకి చెప్పాడు. 2019 నవంబరు 4న పోయాడు.

లేట్ లేట్ షో ఇప్పటికీ ఉంది, ప్యాట్రిక్ కీల్టీ నడుపుతున్నాడు. క్రిస్మస్ ముందు టాయ్ షో అని ఒకటి వస్తుంది, పిల్లలు కొత్త బొమ్మలు ఆడి చూపిస్తారు. ఆ రాత్రి మా ఆశ్రమంలో ఎవరూ పడుకోరు. అదీ గే బర్న్ కాలంలో మొదలైందే. ఆ రోజు డ్యూటీ కావాలని ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను. లింకు పంపుతా, పిన్నితో కలిసి చూడు.

ఒక్కటి అడగాలి. మీ స్టేషన్‌కి వచ్చే ఉత్తరాల్లో పాటల కోరికలు కాక ఇలాంటివి వచ్చేవా? వస్తే ఏం చేసేవాళ్లు? చదవడానికి ఒప్పుకునేవాళ్లా, పక్కన పడేసేవాళ్లా? ఫోన్లో కాదు, తీరిగ్గా రాయి. ఫోన్ పిన్ని లాగేసుకుంటుంది.

ఉంటాను,
నీ పెద్దమ్మాయి