ర్యాంకు లేనివాడికీ తెరిచి ఉంచిన తలుపు

దొమ్మలూరు,
బెంగళూరు.

ప్రియ మిత్రుడు రాఘవకు,

నీ ఉత్తరం అందింది. టీవీలో బ్రిటన్ ఓపెన్ గోల్ఫ్ చూస్తుంటే, ఎన్నడూ పేరు వినని ఆటగాళ్లు ప్రపంచ విజేతల పక్కన నిలబడి ఆడుతున్నారనీ, వాళ్లను ఎవరు, ఏ లెక్కన రానిస్తారనీ అడిగావు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి అడిగావు కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. మా ఆఫీసు ఉన్న ఎంబసీ గోల్ఫ్ లింక్స్ పక్కనే కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం ఉన్న సంగతి నీకు తెలుసు. 2012లో ఇండియన్ ఓపెన్ జరిగింది అక్కడే. మధ్యాహ్నం భోజనాల దగ్గర మన నెల్లూరు, అనంతపురం వాళ్లంతా క్రికెట్ గురించి మాట్లాడుకుంటుంటే, నేనూ మరో ఇద్దరు ముగ్గురమూ మాత్రం ఈ ఆట సంగతులలో మునిగిపోతాం.

ఓపెన్ 1860లో స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో, కేవలం ఎనిమిది మంది ఆటగాళ్లతో మొదలైంది. ఇప్పుడు 156 మంది ఆడతారు. వారిలో ఎక్కువమంది అర్హత పోటీ ఆడవలసిన అవసరం లేకుండా నేరుగా వస్తారు. ప్రపంచ ర్యాంకులలో మొదటి 50 మందికీ, గత అయిదేళ్లలో మేజర్లు అనే మిగిలిన అతి పెద్ద పోటీలు గెలిచినవారికీ, కిందటి ఏడాది ఓపెన్‌లో మొదటి పది స్థానాలలో నిలిచినవారికీ, అమెరికా, యూరప్ టూర్ల (ఏడాది పొడవునా సాగే పోటీల వరుసల) పట్టికలలో ముందున్నవారికీ చోటు ఖాయం. పాత ఓపెన్ విజేతలు నిర్ణీత వయసు వచ్చేదాకా ఏటా ఆడవచ్చు. అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివారి) పోటీల విజేతలు కొందరికి కూడా ఆ అవకాశం ఉంది. ఇదంతా న్యాయమైన ఏర్పాటే, అయితే ఇందులో నన్ను కట్టిపడేసేది ఏమీ లేదు.

నేను ఏటా ఎదురుచూసేది ఫైనల్ క్వాలిఫయింగ్, అంటే చివరి అర్హత పోటీ కోసం. ముందుగా బ్రిటన్, ఐర్లండ్‌లలోని అనేక మైదానాలలో 18 హోల్స్ (ఒక పూర్తి రౌండు) ప్రాంతీయ అర్హత పోటీ జరుగుతుంది. ప్రొఫెషనల్ అయిన ఎవరైనా, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆట) దాదాపు సున్నాకు చేరిన అమెచ్యూర్ ఎవరైనా దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో నెగ్గినవారు, ఆ మెట్టు నుంచి మినహాయింపు పొందిన మరికొందరితో కలిసి, నాలుగు మైదానాలలో ఒకేరోజు 36 హోల్స్ ఆడతారు. తెల్లవారి మొదలుపెట్టి సాయంత్రం దాకా, సముద్రపు గాలిలో రెండు పూర్తి రౌండ్లు నడిచి ఆడితే, ఒక్కొక్క మైదానం నుంచి దక్కేవి నాలుగైదు చోట్లు మాత్రమే. చివరి చోటుకు ఇద్దరో ముగ్గురో సమానంగా నిలిస్తే, అలసిన కాళ్లతో అప్పటికప్పుడే ప్లేఆఫ్ (సమానమైనవారి మధ్య అదనపు ఆట) ఆడాలి. అక్కడ ఒక్క పట్ (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) తప్పినవాడికి ఆ ఏడాది ఓపెన్ లేనట్టే. గట్టెక్కలేకపోయినా, రిజర్వు జాబితాలో పేరు ఉన్నవాడు మొదటి రోజు ఉదయం దాకా ఎవరైనా తప్పుకుంటారేమోనని మైదానం దగ్గరే వేచి ఉంటాడు. ఆ నిరీక్షణను తలచుకుంటేనే నాకు గుండె బరువెక్కుతుంది.

ఇలా వచ్చినవాళ్లు సంఖ్యను పూరించడానికే వస్తారని నువ్వు అనుకుంటే, 1999లో కార్నూస్టీలో జరిగిన ఓపెన్ సంగతి విను. అబర్డీన్‌కు చెందిన పాల్ లారీ అర్హత పోటీ ఆడి వచ్చాడు. ప్రపంచ ర్యాంకు 159. చివరి రోజు ఉదయానికి అగ్రస్థానం కంటే పది స్ట్రోక్‌లు (దెబ్బలు) వెనుకబడి ఉన్నాడు; గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలతో ముగించినవాడే ముందు. మూడు స్ట్రోక్‌ల ఆధిక్యంతో ఆఖరి హోల్‌కు వచ్చిన ఫ్రెంచ్ ఆటగాడు జాన్ వాన్ డ వెల్డ్ బంతిని వాగులో వేసి ట్రిపుల్ బోగీ (నిర్ణీత సంఖ్య కంటే మూడు దెబ్బలు ఎక్కువ) చేయడంతో, లారీ, వాన్ డ వెల్డ్, అమెరికాకు చెందిన జస్టిన్ లెనార్డ్ ముగ్గురూ సమానమయ్యారు. నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌లో లారీ గెలిచాడు. అందరూ వాన్ డ వెల్డ్ పతనాన్నే గుర్తుంచుకున్నారు కానీ, ఆ రోజు లారీ 67 దెబ్బలకే రౌండు ముగించిన సంగతిని కూడా అంతే గౌరవంతో చెప్పుకోవాలని నా అభిప్రాయం.

మొన్నమొన్నటిదీ ఒకటి చెబుతాను. 2013లో యూఎస్ ఓపెన్, 2016లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జస్టిన్ రోజ్‌కు 2024 ఓపెన్‌కు నేరుగా చోటు దక్కలేదు. అంతటివాడు బర్నమ్ అండ్ బెరో మైదానంలో కుర్రవాళ్లతో కలిసి 36 హోల్స్ ఆడి అర్హత సంపాదించి, ఓపెన్ జరిగిన రాయల్ ట్రూన్‌లో విజేత జాండర్ షాఫ్లీ తరువాత రెండో స్థానంలో మరొకరితో సమానంగా నిలిచాడు. అదే ఏడాది అర్హత పోటీ ద్వారానే వచ్చిన డేనియల్ బ్రౌన్ మొదటి రౌండులో 65 కొట్టి అందరికంటే ముందు నిలిచాడు. పెద్దవాడైనా చిన్నవాడైనా ఒకే వరుసలో నిలబడి రావలసి రావడమే ఈ పోటీకి ఇంతటి గౌరవం తెచ్చిందని నేను నమ్ముతాను.

మరి మనవాళ్ల సంగతి? బెంగళూరును సొంత ఊరు చేసుకున్న అనిర్బన్ లాహిరి 2012లో రాయల్ లిథమ్‌లో తొమ్మిదో హోల్‌ను ఒకే దెబ్బతో ముగించి, మరికొందరితో సమానంగా 31వ స్థానంలో నిలిచాడు. అతను అక్కడికి చేరింది ఆసియా కోసం ప్రత్యేకంగా థాయిలాండ్‌లో పెట్టిన అర్హత పోటీ ద్వారా. 2004లో మొదలైన ఆ ఖండాల వారీ పోటీలను తరువాత ఆపివేశారు. 2014 నుంచి ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, జపాన్ వంటి దేశాలలో ఎంపిక చేసిన టోర్నమెంట్లలో ముందు నిలిచినవారికి కొన్ని చోట్లు ఇస్తున్నారు. పద్ధతి బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ ఆ టోర్నమెంట్లలో ఆడాలంటే సాధారణంగా ముందుగా ఏదో ఒక టూర్ కార్డు (ఆ టూర్‌లో ఆడే హక్కు) చేతిలో ఉండాలి. బిడది దగ్గరి పల్లెలో పుట్టి, గోల్ఫ్ మైదానంలో బంతులు ఏరుతూ ఆట నేర్చుకున్న చిక్కరంగప్ప వంటివాడు ఈ తరంలో మరొకడు పుట్టుకొస్తే, అతనికి బ్రిటన్ దాకా వెళ్లి ప్రాంతీయ పోటీ ఆడే ఖర్చు ఎవరు పెడతారు? నియమం ప్రకారం తలుపు తెరిచే ఉంది. దాని దాకా నడవడానికే వీసా, విమానం, బస, క్యాడీ (సంచి మోసే సహాయకుడు) ఖర్చు అన్నీ అడ్డం. ఆసియాలో అలాంటి అర్హత పోటీని మళ్లీ పెట్టాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

చోటు ఒకసారి సంపాదిస్తే దానికి ఎంత విలువో కూడా చెప్పాలి. 2023లో రాయల్ లివర్‌పూల్‌లో శుభాంకర్ శర్మ మరికొందరితో సమానంగా ఎనిమిదో స్థానంలో నిలిచాడు. ఓపెన్‌లో భారతీయుడికి అంతకంటే మంచి స్థానం లేదు. మొదటి పది స్థానాలలో ఉన్నందున మరుసటి ఏడాది ఓపెన్‌కు అతనికి నేరుగా చోటు దక్కింది.

2026 ఓపెన్ జూలైలో రాయల్ బర్క్‌డేల్‌లో జరుగుతుందని ప్రకటించారు. ఈసారి పోటీ మొదలయ్యేదాకా ఆగక, అంతకు ముందు వచ్చే ఫైనల్ క్వాలిఫయింగ్ ఫలితాలను కూడా చూడు. అందులో నెగ్గిన వాళ్లలో నీకు నచ్చిన ఒక పేరు ఎంచుకుని నాకు రాయి. నేనూ ఒకటి ఎంచుకుంటాను. ఇద్దరిలో ఎవరివాడు కట్ (మొదటి రెండు రౌండ్ల తరువాత వెనుకబడినవారిని తప్పించే గీత) దాటుతాడో చూద్దాం. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు,
శ్రీనివాస్