మా సెల్లార్ కింది మట్టికి జవాబుదారీ ఎవరు, మంత్రి గారూ?

గౌరవనీయులైన తెలంగాణ పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్‌లోని పారిశ్రామిక భూముల్ని ఇళ్లకూ ఇతర వాడకాలకూ మార్చుకోనిచ్చే హిల్ట్ పాలసీ గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. 9,292 ఎకరాలు, రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో 50 శాతమో ఫీజు... లెక్క పక్కాగా తేల్చారు. జీడిమెట్లలో, బాలానగర్‌లో రేకుల షెడ్లు పోయి టవర్లు వస్తాయి. రానివ్వండి. నా బాధంతా ఆ షెడ్ల కింద మిగిలే మట్టి గురించి.

మా అపార్ట్‌మెంట్ ఈ పాలసీ కంటే ముందే ఒక పాత ఫ్యాక్టరీ జాగాలో లేచింది. అక్కడ ఏం తయారయ్యేదో అమ్మేటప్పుడు మాకెవరూ చెప్పలేదు. బల్క్ డ్రగ్స్, అంటే మందుల ముడిసరుకు అని చుట్టుపక్కల పాతవాళ్లు అంటారు. వానలు పడితే సెల్లార్‌లో తియ్యటి ఘాటు వాసన. అక్కడే గదిలో పడుకునే వాచ్‌మన్ ఇంటిల్లిపాదికీ పొద్దున లేస్తే తలనొప్పి. అది దీనివల్లేనని నేను ప్రమాణం చేయలేను. పరీక్ష చేస్తే కదా తెలిసేది! బిల్డర్‌ని అడిగితే "సాయిల్ టెస్ట్ చేయించాం కదా సార్" అని రిపోర్టు చేతిలో పెట్టాడు. పునాదికి మట్టి ఎంత బరువు ఆపుతుందో చెప్పే రిపోర్టు అది. మట్టిలో ఏం కలిసిందో అందులో ఒక్క ముక్క లేదు.

ఫ్యాక్టరీల్లో వాడే మిథిలీన్ క్లోరైడ్, టోలుయిన్, లోహాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్ లాంటి సాల్వెంట్లు కారితే నేలలోకి ఇంకుతాయి, భూగర్భ జలాల్ని చేరతాయి, ఆవిరై మళ్లీ పైకి వస్తాయి. కాంక్రీటు బీటల్లోంచి, పైపుల కంతల్లోంచి, లిఫ్ట్ గుంతలోంచి ఇళ్లలోకి దూరతాయి. ముక్కుకు తెలియనంత తక్కువున్నా కొన్ని హాని చేస్తాయి. ట్రైక్లోరోఇథిలీన్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థే తేల్చింది.

ఇప్పుడు దీనికి ఎవరిని పట్టుకోవాలి? ఫ్యాక్టరీ ఓనరు డెవలపర్‌కు అమ్మాడు. డెవలపర్ మాకు అమ్మి, కార్పస్ ఫండ్ అసోసియేషన్‌కు అప్పజెప్పి ఇంకో ప్రాజెక్టుకు వెళ్లిపోయాడు. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం నిర్మాణ, నాణ్యత లోపాలకు బిల్డర్ బాధ్యత అయిదేళ్లు. మా అయిదేళ్లు ఎప్పుడో అయిపోయాయి. అదే చట్టం 18(2)లో భూమి టైటిల్‌లో లోపం ఉంటే నష్టపరిహారానికి కాలపరిమితే లేదు. అంటే కాగితంలో లోపముంటే ఎన్నాళ్లకైనా అడగొచ్చు. మట్టిలో విషముంటే అయిదేళ్లే, అదీ మట్టి కూడా నాణ్యత కిందికే వస్తుందని మా లాయరు వాదించి గెలిస్తే. శభాష్.

కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. అనుమానమున్న చోట కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, బాధ్యుణ్ని గుర్తించి శుద్ధి ఖర్చు రాబట్టాలి. సంతోషించి దరఖాస్తు పెట్టాం. ఇన్‌వర్డ్ ముద్ర మాత్రం చాలా అందంగా వేశారు. ఒక ఆఫీసువాళ్లు ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి తమది కాదన్నారు. ఇంకో ఆఫీసువాళ్లు అపార్ట్‌మెంట్‌కు ఓసీ (నివాసానికి అనుమతి పత్రం) ఉంది కాబట్టి తమదీ కాదన్నారు. మరో చోట "మీరే ప్రైవేటు ల్యాబ్‌లో చేయించుకోండి" అని ఉచిత సలహా ఇచ్చారు.

చేయించుకుంటే ఏమవుతుందో తెలుసా సార్? ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన పెద్ద లోపాన్ని, కొనేవాడు మామూలుగా కనిపెట్టలేనిదైతే, అమ్మేవాడు చెప్పాలి. తెలియనంతకాలం మాకు బాధ్యత లేదు, తెలుసుకున్న రోజు నుంచీ ఉంది! అందుకే అసోసియేషన్ మీటింగులో సగం మంది "ఊరుకోండి, రేటు పడిపోతుంది" అంటారు. పిల్లలున్నవాళ్లు "చేయిద్దాం" అంటారు. ఈ గొడవతో పక్క ఫ్లాట్లవాళ్లతో మాటలు పోయాయి. అమెరికాలో కొనేవాడు ముందే తగిన విచారణ చేయించుకుని, తర్వాతి షరతులు పాటిస్తే పాత కాలుష్యం భారం మీద పడకుండా 2002లో చట్టం సవరించారు. మన దగ్గర విచారణ చేయించుకోవడమే ఇరుక్కోవడం.

ఫీజు కట్టి భూమి మార్చుకునే ప్రతి ఓనరు దగ్గరా ముందే మట్టి, నీరు, మట్టిలోని ఆవిరి పరీక్షలు అడగండి. పాత కాలుష్యానికి జవాబుదారీ ఎవరో మార్పిడి ఉత్తర్వులో రాయండి, సేల్ డీడ్‌లో కూడా రాయించండి. వచ్చే ఫీజులో కొంత శుద్ధికి పక్కన పెట్టండి. కాలుష్యం తగ్గించడానికే పరిశ్రమల్ని ఔటర్ రింగ్ రోడ్డు బయటికి పంపుతున్నామని మీరే అంటున్నారు. యంత్రాలు లారీ ఎక్కుతాయి, కింద ఇంకిన మందు ఎక్కదు.

ఇదంతా అయ్యేలోపు మా సెల్లార్‌లో ఒక్కసారి గాలి పరీక్ష చేయించండి. ఏ ఆఫీసు రావాలో మీరే తేల్చండి, మా వల్ల కావడం లేదు.

ఇట్లు,
ఈఎంఐ ఇంకా కడుతున్న ఒక ఫ్లాట్ ఓనరు