గల్ఫ్‌లో ఉన్న మా వాళ్ల మనసు గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

అర్జీలకు జవాబు రాకపోవడంతో నలుగురి ముందు రాస్తున్నాను. ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా మా తెలుగు ఊళ్ల కుర్రాళ్లు గల్ఫ్‌లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా ఉన్నారు. మా తమ్ముడు సౌదీలో ఉన్నాడు. కొన్నాళ్లుగా వీడియో కాల్ ఎత్తడు. మామూలు కాల్‌లో, "బాగానే ఉన్నానమ్మా, నిద్రే పట్టట్లేదు" అంటాడు. ఏజెంటు అప్పు తీరందే తిరిగి రాలేడు. అమ్మ ఫోను దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటోంది. ఊళ్లో 'పిచ్చి' అన్న ముద్ర పడుతుందని ఆమె భయం. అందుకే ఇక్కడ పేరు రాయలేదు, అర్జీ మీద ఉంది.

జీతం, పాస్‌పోర్టు గొడవలకు ఎంబసీ ఉంది. నిద్ర పట్టనివాడు ఎవరికి చెప్పుకోవాలి? 2022లో కేంద్రం తెచ్చిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 మంచిదే, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ ఆ టోల్‌ఫ్రీ నంబరు దేశంలో ఉన్నవాళ్ల కోసం పెట్టింది.

విదేశాల నుంచి కలిసే మామూలు నంబరు ఒకటి, తెలుగు, ఒడియా వచ్చిన కౌన్సెలర్‌తో జిల్లా ఆసుపత్రిలో పెట్టించండి. సౌదీలో రాత్రి పది అంటే మనకు పన్నెండున్నర; ఆఫీసు వేళల్లోనే పలికే నంబరు మాకు పనికిరాదు. ఇంటివాళ్లకూ అక్కడే సలహా దొరకాలి. నెలాఖరులోగా లిఖితపూర్వకంగా జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక అన్న