పట్టికలో అట్టడుగు జట్టు కిందికి దిగాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

2024-25 సీజన్‌లో మన దేశంలో పురుషుల వృత్తి ఫుట్‌బాల్ నాలుగు అంచెల్లో నడిచింది. అన్నిటికన్నా పైన ఇండియన్ సూపర్ లీగ్ ఉంటే, దాని కింద వరసగా ఐ-లీగ్, ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3 ఉండేవి. ఆ సీజన్‌లో ఈ నాలుగింటినీ వీలైనంత దగ్గరగా గమనించిన పాఠకుడిగా ఒక విషయం మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను. కింది అంచెల్లో గెలిచిన జట్లు పైకి వెళ్లాయి, ఐ-లీగ్‌లో చివరన నిలిచిన జట్లు కిందికి దిగాయి, కానీ సూపర్ లీగ్‌లో అట్టడుగున మిగిలిన జట్టుకు మాత్రం ఏమీ కాలేదు. ఇది ఏదో చిన్న సాంకేతిక లోపమని నేను అనుకోవడం లేదు. హైదరాబాద్ నగరం తన అగ్రశ్రేణి జట్టును పోగొట్టుకోవడానికి మూలం కూడా ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

ముందుగా ఆ సీజన్‌లో బాగా జరిగినది చెబుతాను. పశ్చిమ బెంగాల్‌లో 2022లో పుట్టిన డైమండ్ హార్బర్ జట్టు ఐ-లీగ్ 3 గెలిచి, అదే సీజన్‌లో ఐ-లీగ్ 2లోకి అడుగుపెట్టి, దాన్నీ గెలిచి ఐ-లీగ్‌కు అర్హత సాధించింది. మిజోరం రాజధాని ఐజ్వాల్‌లోని ఒక పేట పేరు పెట్టుకున్న చాన్‌మారి క్లబ్ రెండు చోట్లా రెండో స్థానంలో నిలిచి దాని వెంటే పైకి వచ్చింది. ఇవి గాలివాటు గెలుపులు కావని 2025 ఆగస్టులో తేలిపోయింది. డ్యూరాండ్ కప్ సెమీఫైనల్లో డైమండ్ హార్బర్ కుర్రాళ్లు ఈస్ట్ బెంగాల్ అంతటి జట్టును 2-1తో ఓడించి ఫైనల్ చేరారు. ఫైనల్లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ చేతిలో 6-1తో చిత్తుగా ఓడినా, నాలుగో అంచె నుంచి బయలుదేరిన జట్టు ఏడాది తిరగకుండా అంత దూరం రాగలిగిందంటే అది ఆ మెట్లు తెరిచి ఉన్నందువల్లే. మరోవైపు ఐ-లీగ్ పట్టికలో చివరి రెండు స్థానాల్లో నిలిచిన ఎస్‌సీ బెంగళూరు, ఢిల్లీ ఎఫ్‌సీ జట్లు కిందికి వెళ్లాయి. వాటి అభిమానులకు బాధ కలిగి ఉంటుంది, కానీ అన్యాయం జరిగిందని ఎవరూ అనలేరు.

ఇక ఐ-లీగ్ టైటిల్ సంగతి. ఏప్రిల్ 6న చివరి రౌండ్ జరిగింది. శ్రీనగర్‌లో రియల్ కశ్మీర్‌తో చర్చిల్ బ్రదర్స్ 1-1తో డ్రా చేసుకుంది, ఇంటర్ కాశీ 3-1తో రాజస్థాన్ యునైటెడ్‌ను ఓడించింది. ఆ సాయంత్రానికి పట్టికలో చర్చిల్‌కు 40 పాయింట్లు, ఇంటర్ కాశీకి 39. అయినా విజేత ఎవరో తేలలేదు. జనవరి 13న ఇంటర్ కాశీని 2-0తో ఓడించిన నామ్‌ధారి జట్టు, పసుపు కార్డుల వల్ల ఆ మ్యాచ్‌కు నిషేధంలో ఉన్న ఆటగాడిని బరిలోకి దింపిందన్న ఫిర్యాదు అప్పటికింకా నలుగుతూనే ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఆ మ్యాచ్ పాయింట్లను ఇంటర్ కాశీకి ఇచ్చింది, అప్పీళ్ల సంఘం ఆ నిర్ణయాన్ని తిరగదోడింది, సమాఖ్య చర్చిల్‌ను విజేతగా ప్రకటించింది. చివరికి స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం జులై 18న ఇంటర్ కాశీయే విజేత అని తీర్పు చెప్పింది. ఏప్రిల్‌లో ముగిసిన లీగ్ విజేత ఎవరో జులైలో గానీ తేలలేదన్నమాట. ఇంతకంటే విచారకరమైన విషయం ఏమిటంటే, ఇంటర్ కాశీకి పైలీగ్ తలుపు తెరుచుకోవడానికి సరిగ్గా వారం ముందు, జులై 11న, ఆ పైలీగ్‌నే నిరవధికంగా ఆపేస్తున్నట్లు నిర్వాహకులు క్లబ్బులకు తెలియజేశారు.

ఈ వివాదాన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మ్యాచ్ మొదలయ్యే ముందు ప్రతి జట్టూ ఆడబోయే వారి జాబితాను మ్యాచ్ కమిషనర్ చేతికి ఇస్తుంది. ఆ రోజు నిషేధంలో ఉన్న ఆటగాళ్ల పేర్లు నిర్వాహకుల దగ్గర ఎలాగూ ఉంటాయి. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని చూసే బాధ్యతను కమిషనర్‌కు స్పష్టంగా అప్పగిస్తే ఇలాంటి తప్పు ఆట మొదలుకాక ముందే ఆగిపోతుంది. అలా ఆగకపోయినా, ఫిర్యాదులూ అప్పీళ్లూ ఫలానా తేదీలోగా, ఎట్టి పరిస్థితుల్లోనూ చివరి రౌండ్‌కు ముందే, ముగియాలన్న నిబంధన పెట్టడం కష్టమేమీ కాదు. 22 మ్యాచ్‌లు ఆడిన జట్లకు తమ పట్టిక నిజమో కాదో తెలియకుండా మూడు నెలలు గడపాల్సి రావడం వృత్తి లీగ్‌కు తగదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ సీజన్ సూపర్ లీగ్‌లో మోహన్ బగాన్ 24 మ్యాచ్‌ల్లో 56 పాయింట్లు సాధించి, లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే షీల్డ్ నిలబెట్టుకుంది, ఏప్రిల్ 12న బెంగళూరును 2-1తో ఓడించి కప్పు కూడా గెలుచుకుంది. పైభాగం అంతా చక్కగా ఉంది. కింద మాత్రం హైదరాబాద్ 18 పాయింట్లతో పన్నెండో స్థానంలో, మొహమ్మదన్ స్పోర్టింగ్ 13 పాయింట్లతో పదమూడో స్థానంలో నిలిచాయి, తరువాతి సీజన్‌కు రెండింటి స్థానాలూ పదిలంగా ఉండిపోయాయి. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమోదించిన ప్రణాళిక ప్రకారం 2024-25 నుంచి పైకి వెళ్లడంతోపాటు కిందికి దిగడమూ అమలు కావలసి ఉంది. మొదటి సగం అమలైంది. 2023లో పంజాబ్, 2024లో మొహమ్మదన్, ఆ తరువాత ఇంటర్ కాశీ ఐ-లీగ్ గెలిచి పైకి వచ్చాయి. రెండో సగం కాగితం మీదే ఉండిపోయింది.

దీనివల్ల నష్టం ఎవరికి అని అడిగేవారికి మన నగరాన్నే చూపిస్తాను. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో జరిగిన ఫైనల్లో సాహిల్ తవోరా 88వ నిమిషంలో కొట్టిన గోలుతో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా సమం చేసింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఏకంగా మూడు పెనాల్టీలను ఆపాడు. మనోలో మార్కెజ్ శిక్షణలో ఆ జట్టు దేశంలోకెల్లా చూడముచ్చటైన ఆట ఆడేది. రెండేళ్లు తిరిగేసరికి జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు, కొత్తవారిని తీసుకోకుండా నిషేధాలు పడ్డాయి, మిగిలిన కుర్రాళ్లు 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్కటి గెలిచి 8 పాయింట్లతో ఆఖరి స్థానంలో నిలిచారు. ఆ కుర్రాళ్లను నేను తప్పుపట్టను. వారు ప్రతి వారం ఓడిపోతామని తెలిసి కూడా మైదానంలోకి వచ్చి చివరి విజిల్ వరకు పరిగెత్తారు.

అదే సీజన్‌లో ఇదే నగరానికి చెందిన శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. అంతకు ముందటి ఏడాది కూడా రెండో స్థానమే. ఐ-లీగ్ నుంచి ఒక్క జట్టే పైకి వెళ్లే పద్ధతి కావడంతో రెండుసార్లూ శ్రీనిధికి దక్కింది ఏమీ లేదు. పైలీగ్‌లో ఆఖరి జట్టుకూ కిందిలీగ్‌లో రెండో జట్టుకూ మధ్య ఒక పోటీ పెట్టే నిబంధన అప్పుడే ఉండి ఉంటే, 2024 వేసవిలో గచ్చిబౌలిలో ఒక హైదరాబాద్ జట్టు మరో హైదరాబాద్ జట్టుతో పైలీగ్ స్థానం కోసం తలపడేది. ఎవరు గెలిచినా నగరానికి అగ్రశ్రేణిలో ఒక జట్టు, రెండో అంచెలో ఒక జట్టు మిగిలేవి. జరిగింది అది కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ చేతులు మారింది, మరో సీజన్ కింది భాగంలోనే గడిపింది, 2025 అక్టోబరులో పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా తరలిపోయింది. మైదానంలో ఓడి కిందికి దిగిన జట్టు తన ఊళ్లోనే ఉంటుంది, తిరిగి పైకి వస్తుంది. కాగితం మీద తరలిపోయిన జట్టు తిరిగి రాదు.

మనకు ఆ జట్టు దక్కిన తీరు కూడా ఇలాంటిదేనని ఒప్పుకోవాలి. 2019లో పుణె సిటీ మూతపడితేనే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ల తరువాత ఢిల్లీ లోటును మన జట్టుతో పూడ్చారు. పుణె అభిమానులు ఆనాడు పడిన బాధ ఏమిటో ఇప్పుడు మనకు అర్థమవుతోంది. ఈ ఊరి జట్టును ఆ ఊరికి, ఆ ఊరి జట్టును ఈ ఊరికి మార్చే పద్ధతిలో ఏ ఊరి అభిమానమూ పాతికేళ్లు నిలవదు.

ఇంగ్లండ్‌లో సండర్లాండ్ 2017లో, 2018లో వరసగా రెండుసార్లు దిగజారి మూడో అంచెకు పడిపోయింది. ఆ మూడో అంచెలో ఉన్నప్పుడే 2018 డిసెంబరులో దాని మైదానానికి ఒక మ్యాచ్‌కు 46 వేల మందికి పైగా వచ్చారు, 2025లో జట్టు మళ్లీ ప్రీమియర్ లీగ్‌కు చేరింది. అదే దేశంలో వింబుల్డన్ జట్టును యజమానులు మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వచ్చినప్పుడు, అభిమానులు సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే క్లబ్‌ను పెట్టుకుని కింది ప్రాంతీయ లీగ్‌ల నుంచి మొదలుపెట్టారు. తొమ్మిది సీజన్లలో అయిదుసార్లు పైకి ఎగబాకి 2011లో నాలుగో అంచెకు చేరారు. 2025లో మరోసారి మూడో అంచెకు వెళ్లారు, తరలిపోయిన జట్టు ఆ ఏడాది నాలుగో అంచెలోనే మిగిలింది. అంచెలన్నీ రెండు వైపులా తెరిచి ఉన్నందువల్లే ఆ అభిమానులకు మళ్లీ మొదలుపెట్టే దారి దొరికింది.

కోట్లు పెట్టిన యజమానులు ఒక్క చెడ్డ సీజన్‌తో అంతా పోగొట్టుకోవాలా అనే వాదన వినిపిస్తుంది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసివేయను. మన దగ్గర ప్రసార ఆదాయం తక్కువ, టికెట్ల రాబడి అంతకన్నా తక్కువ. ఇలాంటి దెబ్బను తట్టుకోవడానికే ఇంగ్లండ్‌లో కిందికి దిగిన క్లబ్బులకు కొన్నేళ్లపాటు లీగ్ ఆదాయంలోంచి కొంత వాటా ఇస్తారు, ఆటగాళ్ల ఒప్పందాల్లో దిగజారితే జీతం తగ్గేలా ముందే షరతులు రాసుకుంటారు. ఆ ఏర్పాటు మనమూ చేసుకోవచ్చు. కానీ దిగజారే భయం లేకపోవడం హైదరాబాద్‌ను కాపాడలేదన్న సంగతి మరవకూడదు. రెండు సీజన్లు వరసగా అడుగు భాగంలో ఉన్నా ఆ స్థానం భద్రంగానే ఉంది, జట్టు మాత్రం పోయింది.

చట్టపరంగా ఇప్పుడు దారి కూడా ఏర్పడింది. తెలుగువారైన మాజీ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు సిద్ధం చేసిన సమాఖ్య నియమావళిని, జస్టిస్ పి.ఎస్. నరసింహ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం 2025 సెప్టెంబరు 19న కొన్ని మార్పులతో ఆమోదించింది. అగ్రశ్రేణి లీగ్‌లో పైకి వెళ్లడం, కిందికి దిగడం అనే సూత్రం అందులో ఉంది. లీగ్ వాణిజ్య హక్కుల టెండరుకు నవంబరు గడువులోగా ఒక్క దరఖాస్తూ రాకపోవడం, కొత్త సీజన్ 2026 ఫిబ్రవరి 14న గానీ మొదలుకాకపోవడం, 14 జట్లకు 91 మ్యాచ్‌లే మిగలడం నిజమే. ఈ గడ్డుకాలాన్ని సాకుగా చూపి ఆ సూత్రాన్ని ఏటేటా వాయిదా వేస్తారేమోనన్నదే నా ఆందోళన.

ఫుట్‌బాల్ మన ఆట కాదని ఎవరైనా అంటే వారికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు గుర్తుచేయాలి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది, భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఆ 1962 జట్టులో ఉన్నాడు. ఈనాటి మాట చెప్పాలంటే, 2024-25 మహిళల లీగ్‌ను గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఆడింది. ఇలాంటి క్రీడాకారిణి సొంత రాష్ట్రంలో ఆడుకునే జట్టు లేక వందల మైళ్ల దూరం వెళ్లాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

అందువల్ల సమాఖ్యను కోరేది ఇది: సూపర్ లీగ్‌లో ఆఖరి జట్టు నేరుగా కిందికి దిగాలి, పట్టికలో దానికి సరిగ్గా పైనున్న జట్టు, రెండో అంచె లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టుతో తలపడి తన స్థానం నిలుపుకోవాలి. ఏ సీజన్ నుంచి అమలు చేస్తారో ఆ సీజన్ మొదటి మ్యాచ్‌కు ముందే క్లబ్బులన్నిటికీ రాతపూర్వకంగా చెప్పాలి. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. యూరప్ లీగ్‌ల పాయింట్ల పట్టికలకు ఇస్తున్న చోటులో వారానికి ఒక్కసారైనా మన కింది అంచెల లీగ్‌ల పట్టికలను కూడా ప్రచురించండి. తెలుగు రాష్ట్రాల నుంచి ఏ జట్లు ఏ అంచెలో, ఏ స్థానంలో ఉన్నాయో వాటి పక్కనే రాయండి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
సికింద్రాబాద్