ఇన్‌సిస్ట్ టెలిస్కోప్‌కు అనుమతి ఇంకెప్పుడు?

సంపాదకులు గారికి నమస్తే,

మొన్న మీ పత్రికలో హబుల్ టెలిస్కోప్ ముసలిదైపోయిందని, గురి కదలకుండా నిలిపే గైరోస్కోప్ ఒకే ఒక్కదానితో నెట్టుకొస్తోందని వచ్చిన వార్త చదివాను. బాగా రాశారు. కానీ చివర్లో, దాని స్థానంలో జేమ్స్ వెబ్ ఎలాగూ ఉంది కదా అన్నట్టు ఒక వాక్యం ఉంది చూడండి, అక్కడ ఆగిపోయాను. మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో కూడా ఇదే మాట విన్నాను. ఇది సరికాదు. వెబ్ చూడలేని కాంతిని చూడటానికి మన శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ఇన్‌సిస్ట్ అనే అంతరిక్ష టెలిస్కోప్ ఎందుకు కావాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

వెబ్ ముఖ్యంగా పరారుణ కాంతిని చూడటానికి కట్టిన టెలిస్కోప్. దాని అద్దానికి బంగారు పూత వేసింది అందుకే. బంగారం పరారుణాన్ని చక్కగా వెనక్కి పంపుతుంది, నీలం వైపు వచ్చేసరికి మింగేస్తుంది, బంగారం మన కంటికి పచ్చగా కనిపించేది కూడా ఆ కారణంతోనే. కాబట్టి అతినీలలోహిత కాంతి, అంటే మనం యూవీ అనేది, వెబ్‌కు అసలు కనపడదు. దానికి అల్యూమినియం పూత వేసి, ఆ పైన మెగ్నీషియం ఫ్లోరైడ్ పలచటి పొర వేసిన అద్దం కావాలి. పోనీ భూమ్మీద నుంచే చూద్దామంటే ఓజోన్ అడ్డం. మన చర్మాన్ని కాపాడే ఆ పొర, సుమారు 300 నానోమీటర్ల కంటే చిన్న తరంగాలను కిందికి రానివ్వదు. ఎంత ఎత్తు కొండ మీద ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా లాభం లేదు, పైకి వెళ్లాల్సిందే. ఇప్పుడు పైన ఉన్న పెద్ద యూవీ టెలిస్కోప్ హబుల్ ఒక్కటే. 1990లో పంపారు, 2009 తర్వాత మరమ్మతుకు ఎవరూ వెళ్లలేదు.

మాది శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట. 2015 సెప్టెంబర్ 28 పొద్దున పది గంటలకు పీఎస్ఎల్‌వీ ఆస్ట్రోశాట్‌ను తీసుకుని లేచినప్పుడు పిల్లలతో కలిసి పులికాట్ వైపు రోడ్డు మీద నిలబడి చూశాను. ముందు నిప్పు కనపడింది, తెల్లటి పొగ గీత పైకి సాగింది, అది మబ్బులో కలిశాక గానీ శబ్దం మా దాకా రాలేదు. మా ఊళ్లో రాకెట్ కొత్త కాదు, చాలామంది పని ఆపకుండా తల ఎత్తి చూసి మళ్లీ పనిలో పడతారు. కానీ ఆ రోజు పైకి వెళ్లింది మన దేశపు మొదటి అంతరిక్ష ఖగోళ పరిశోధనాలయం, అందులో యూవీఐటీ అనే జంట టెలిస్కోపులు ఉన్నాయని తరగతిలో చెప్పి తీసుకెళ్లాను కాబట్టి మా పిల్లలు అరిచిన అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

ఆ యూవీఐటీ గురించి ఒక సంగతి చెప్పాలి. ఒక్కో అద్దం 38 సెంటీమీటర్లే, అంటే మన ఇళ్లలో పెద్ద పళ్లెం అంత. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు హోసకోటె దగ్గర క్లీన్ రూమ్‌లో దాన్ని బిగించారు, డిటెక్టర్లకు కెనడా అంతరిక్ష సంస్థ చేయి కలిపింది. యూవీ పరికరానికి దుమ్ము కన్నా పెద్ద శత్రువు జిడ్డు. జిగురు నుంచో ప్లాస్టిక్ నుంచో వచ్చే ఆవిరి అద్దం మీద కంటికి కనపడనంత పొరగా పట్టినా చాలు, యూవీ కాంతి అక్కడే ఆగిపోతుంది. అందుకని కక్ష్యలోకి చేరాక కూడా వెంటనే మూత తెరవలేదు. ఉపగ్రహంలో మిగిలిన ఆవిరంతా శూన్యంలోకి పోయేదాకా రెండు నెలలు ఆగి, నవంబర్ 30న తెరిచారు. అన్నేళ్లు కష్టపడి తయారుచేసి, పైకి పంపి, అన్నీ బాగున్నాయని తెలిసి కూడా రెండు నెలలు మూత ముట్టకుండా ఉండటమంటే ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి.

ఆ ఓపికకు ఫలితం దక్కింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వచ్చే తీవ్ర యూవీ కాంతిని ఇది పట్టుకుంది. పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం అయుకా శాస్త్రవేత్త కనక్ సాహా బృందం 2020లో ప్రకటించిన ఈ సంగతి, తొలినాటి విశ్వంలో చీకటి ఎలా విడిపోయిందో తెలుసుకోవడానికి ఒక ఆధారం. ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, అదే కాంతి 2.4 మీటర్ల హబుల్‌కు చిక్కలేదు. మన డిటెక్టర్‌లో నాయిస్, అంటే అసలు సంకేతాన్ని కప్పేసే రొద, బాగా తక్కువ కాబట్టి చిక్కింది.

ఆస్ట్రోశాట్ డేటా ఆర్కైవ్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. మా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆండ్రోమెడా గెలాక్సీ యూవీ చిత్రం దించుకుని, మామూలు ఫొటో పక్కన పెట్టి నాకు చూపించింది. మామూలు ఫొటోలో నడుమ ధగధగా వెలిగే భాగం యూవీలో మసకబారిపోయింది, ఎందుకంటే అక్కడున్నవి ఎక్కువగా వయసుమళ్లిన చల్లటి నక్షత్రాలు. చుట్టూ ఉన్న వలయంలో మాత్రం కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాల గుంపులు చుక్కలు చుక్కలుగా తేలాయి. నేనైతే పది నిమిషాలు ఆ ల్యాప్‌టాప్ ముందు నుంచి కదల్లేదు.

అయిదేళ్లకని పంపిన ఆస్ట్రోశాట్‌కు పదేళ్లు దాటాయి. యూవీఐటీలో ఒక చానెల్, 200 నుంచి 300 నానోమీటర్ల మధ్య చూసేది, 2018లోనే ఆగిపోయింది. దాని తర్వాత మన దగ్గర ఏముంది? ఆదిత్య ఎల్1లో సూట్ అనే యూవీ టెలిస్కోప్ ఉంది, అది సూర్యుడి కోసం. దూరపు నక్షత్రాలకు, గెలాక్సీలకు మన శాస్త్రవేత్తలు ప్రతిపాదించింది ఇన్‌సిస్ట్. ఒక మీటరు అద్దం, ఫొటోలు తీయడమే కాక కాంతిని విడదీసి ఏ మూలకాలున్నాయో కూడా చెబుతుంది. యూవీఐటీలో ఒక అద్దంతో పోలిస్తే దాదాపు ఏడు రెట్ల కాంతి పడుతుంది. 2018లో ఇస్రో ప్రతిపాదనలు పిలిచినప్పటి నుంచి దీని మాట వింటున్నాం. కెనడా వాళ్లు కాస్టర్ అనే ఒక మీటరు టెలిస్కోప్‌ను మనతో కలిసి చేయాలని కూడా చర్చలు జరిగాయి. మాటలు చాలా అయ్యాయి, పని మొదలుపెట్టాలి.

బయట ఎవరూ ఆగి లేరు. ఇజ్రాయెల్ అల్ట్రాశాట్ అనే యూవీ టెలిస్కోప్‌ను 2027లో పంపాలనుకుంటోంది, అది ఒకే చూపులో 204 చదరపు డిగ్రీల ఆకాశం, అంటే వెయ్యి పున్నమి చందమామలు పట్టేంత మేర చూస్తుంది. నాసా 2030కి యూవెక్స్ అనే యూవీ టెలిస్కోప్‌ను ఎంచుకుంది. ఆ తర్వాత 2040లలో ఆరు మీటర్ల అద్దంతో హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ తేవాలని వాళ్ల ఆలోచన, భూమి లాంటి గ్రహాల గాలిలో ఓజోన్ జాడ వెతకడం దాని పనుల్లో ఒకటి. మనకు అడ్డుపడిన ఆ ఓజోన్‌నే వేరే గ్రహం మీద పట్టడానికి యూవీ కావాలి, ఎందుకంటే దాని గుర్తు బాగా గట్టిగా కనపడేది 255 నానోమీటర్ల దగ్గర.

డబ్బు విషయం నాకు తెలియనిది కాదు. మనుషులను అంతరిక్షంలోకి పంపే పని మీద ఉన్నాం, అది కావాల్సిందే. కానీ యూవీ అద్దానికి పూత వేయడం, జిడ్డు అంటకుండా బిగించడం, ఒక్కో ఫోటాన్‌ను, అంటే కాంతి కణాన్ని, లెక్కపెట్టే డిటెక్టర్‌ను పరీక్షించడం పుస్తకం చదివి వచ్చే పనులు కావు. యూవీఐటీ చేసిన చేతులు ఒక్కొక్కటిగా రిటైర్ అవుతున్నాయి. వాళ్ల పక్కన నిలబడి నేర్చుకునే కుర్రాళ్లకు చేయడానికి ఒక పరికరం ఉండాలి కదా! ఇంకో అయిదేళ్లు పోయాక అనుమతిస్తే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

కాబట్టి మీకు నా మనవి ఇది. ఇన్‌సిస్ట్ ఏ దశలో ఉందో ఇస్రోను అడిగి రాయండి, ఒక కాలమ్‌లో కాదు, పూర్తి పేజీలో. మన ఎంపీలు దీన్ని పార్లమెంటులో ఒక ప్రశ్నగా వేస్తే లిఖితపూర్వకంగా జవాబు వస్తుంది, తిరుపతి, నెల్లూరు ఎంపీలు అడిగితే ఇంకా బాగుంటుంది. మీ ఆదివారం అనుబంధంలో వేసుకోవడానికి ఆ ఆండ్రోమెడా చిత్రం, దాని వివరాలు పంపమంటే ఆ పూర్వ విద్యార్థినిని అడిగి పంపిస్తాను.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
సూళ్లూరుపేట