ఆ తాత మాట ఏ రిజిస్టరులో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

నాకు 74 ఏళ్ళు. పై పలువరుస కట్టుడుది. అది జారకుండా రోజూ పొద్దున్నే తడిచేసి, దాని మీద ఒక పొడి చల్లి పెట్టుకుంటాను. ఆరేళ్ళ క్రితం ఆ డబ్బా మూత మొదటిసారి తీసినప్పుడు వచ్చిన పుల్లటి వాసన నాకు కొత్తది కాదు. నేను మొదట పనిచేసింది రంపచోడవరం ఏజెన్సీలో. బడికి ఎదురుగా గిరిజన సహకార సంస్థ డిపో ఉండేది. ఎండాకాలం అక్కడి గిరిజనులు కొండరెడ్లు తపసి చెట్ల జిగురు తెచ్చి పోస్తే డిపో అంతా అదే వాసన. కళ్ళజోడు పెట్టుకుని డబ్బా మీద అక్షరాలు చదివాను. ‘కరాయా గమ్’ అని ఉంది. అంటే మన తపసి జిగురే.

మొక్కల జిగుర్లతో చేసే పళ్ళ మందుల మీద పేటెంట్ల గురించి మీరు వేసిన వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. పసుపు మీద అమెరికా ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయిందంటే, అది మనకు ముందునుంచీ తెలిసిన విద్యేనని కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు సంస్కృత, ఉర్దూ, హిందీ రాతలు తీసి చూపించారు కాబట్టి. ఇలాంటి పేటెంట్లను అడ్డుకోవడానికి కేంద్రం 2001లో మొదలుపెట్టిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీలోనూ ఆయుర్వేదం, యునాని, సిద్ధ లాంటి వైద్యాల గ్రంథాల్లో ఉన్నదే ఎక్కుతుంది. కొండరెడ్లకు గ్రంథాలెక్కడివి?

కట్టుడు పళ్ళు అతికించడం వాళ్ళ విద్య కాదు, ఒప్పుకుంటాను. కానీ తపసి చెట్టుకు గాటు ఎంత లోతుగా పెట్టాలో, ఏ చెట్టును ఈ ఏడు ముట్టుకోకుండా వదిలేయాలో నా దగ్గర చదివిన ఒక పిల్లవాడి తాత చెట్టు చుట్టూ తిప్పి చూపించాడు. మా తోటి మాస్టారికి చిగుళ్ళలోంచి రక్తం కారుతుంటే మోదుగ జిగురు నానేసిన నీళ్ళు పుక్కిలించమన్నదీ ఆయనే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఇలాంటివి రాసిపెట్టడానికే 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు పెట్టారు. 2020 జనవరి నెలాఖరుకల్లా అవి పూర్తి కావాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. తర్వాత ఒక ఊరి రిజిస్టరు చూశాను. తపసి పేరుకు ఎదురుగా ‘జిగురు, అమ్మకం’ అని రెండే రెండు మాటలు. మోదుగకు ఎదురుగా ‘విస్తర్లు’. చూసి చాలా బాధేసింది. అది రాసినవాళ్ళు ఒక్క ముసలాయన పక్కనైనా కూర్చోలేదని తెలిసిపోతూనే ఉంది.

మన పేటెంటు చట్టం 25వ సెక్షన్ స్థానిక తెగల నోటిమాటగా ఉన్న పరిజ్ఞానాన్ని కూడా పేటెంటు మీద అభ్యంతరానికి ఆధారంగా ఒప్పుకుంటుంది. అది మంచి మాటే. అయితే కొండ దిగి చెన్నై పేటెంటు ఆఫీసు దాకా వెళ్ళి ఆ మాట చెప్పేదెవరు? చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది మిగిలారు?

జీవవైవిధ్య మండలి వారికి నా విన్నపం ఒకటే. ఏజెన్సీ ఊళ్ళ రిజిస్టర్లు మళ్ళీ రాయించండి. చెప్పినవాళ్ళ పేరు, ఏ కాలంలో తీస్తారు, ఎంత మోతాదు, దేనికి వాడతారు, అన్నీ వాళ్ళ మాటల్లోనే రాయించండి. రాసినది గ్రామసభకు చదివి వినిపించి, వాళ్ళ దగ్గరే ఉంచండి. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే, అనువాదం పేరుతో ఆలస్యం చేయనక్కర్లేదు. నేను ఇప్పుడు కొండ ఎక్కలేను. సంత రోజు డిపో అరుగు మీద కూర్చుని రాయమంటే మాత్రం జీతం లేకుండా వచ్చి రాస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం