ఆ సానెట్‌ను రెండు మార్కుల బిట్‌గా మార్చేశారు

సంపాదకుడు గారికి నమస్కారం.

హన్మకొండలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెప్తాను. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ రాసిన సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) గురించి పిల్లలు తెచ్చుకునే గైడ్లన్నిట్లో ఒకటే ఉంటోంది. ఉదయపు అందాన్ని బట్టతో పోల్చాడు కాబట్టి సిమిలీ (ఉపమ), నది తన ఇష్టం వచ్చినట్టు పారుతోంది కాబట్టి పర్సానిఫికేషన్ (ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పడం), అయిపోయింది, రెండు మార్కులు. పైగా 'ప్రకృతిని మెచ్చుకునే పద్యం' అని ఒక ముక్క. చదివితే బాధేస్తుంది, ఎందుకంటే కవి మెచ్చుకుంటున్నది లండన్ నగరాన్ని. కొండల్లో పుట్టి పెరిగిన మనిషి, సూర్యుడు ఏ లోయనీ ఏ గుట్టనీ తొలి వెలుగులో ఇంత అందంగా ముంచెత్తలేదని ఒక పట్నం గురించి అంటున్నాడు!

ఆ సిమిలీ దగ్గరే కాసేపు ఆగి చూడండి. నగరం ఇప్పుడు ఉదయపు అందాన్ని బట్టలా కట్టుకుందంటాడు. ఊపిరి తీసుకోకుండా అదే వాక్యంలో ఓడలు, బురుజులు, గోపురాలు, థియేటర్లు, గుళ్లు అన్నీ చప్పుడు లేకుండా, ఒంటి మీద ఏమీ లేకుండా పొలాలకీ ఆకాశానికీ తెరుచుకుని ఉన్నాయంటాడు. మరి కట్టుకుందా, కట్టుకోలేదా? రెండూ నిజమే. కట్టుకున్నది వెలుతురు, అది దేన్నీ దాచదు. రోజూ దాచేది పొగ. ఆ ప్రయాణంలో వెంట ఉన్న చెల్లెలు డోరతీ కూడా, ఇళ్ల మీద ఎప్పుడూ ఉండే పొగ మబ్బు ఆ పొద్దున లేదని డైరీలో రాసుకుంది. 1802లో ఫ్రాన్స్‌లోని కాలే పట్నానికి వెళ్తూ దారిలో చూసిన దృశ్యం అది. గాలిలో పొగ లేదని కవి పనిగట్టుకుని ఎందుకు అన్నాడో దీన్ని బట్టి అర్థమవుతుంది, ఇంకాసేపటికి పొయ్యిలు రాజుకుంటాయి, ఆ అందం ఉండదు.

చివర్లో ఇళ్లు కూడా నిద్రపోతున్నట్టున్నాయంటాడు, మన ఉత్ప్రేక్షకు, అంటే ఒకదాన్ని మరోలా ఉన్నట్టు ఊహించి చెప్పడానికి, దగ్గరి మాట. ఆ వెంటనే అంత పెద్ద గుండె కదలకుండా పడి ఉందంటాడు. 'గుండె కదలకపోతే చచ్చిపోయినట్టే కదా సార్?' అని ఒకమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! ఆ ఆనందంలో కొంచెం భయం కూడా కలిసి ఉందని నాకూ అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు ఏ గైడ్‌లోనూ జాగా లేదు.

మన వరంగల్ చూడండి, మిర్చి సీజన్‌లో తెల్లారేసరికే ఎనుమాముల మార్కెట్‌లో బస్తాల బండ్లు బారులు తీరి ఉంటాయి, ఆ ఘాటుకి కళ్లలో నీళ్లొస్తాయి, హమాలీలు అప్పటికే పనిలో ఉంటారు. ఆ టైంకి మన ఊరి గుండె ఎలా ఉందని రాస్తారో పిల్లల్ని అడిగితే, అలంకారం అంటే ఏంటో వాళ్లకే తెలుస్తుంది.

అందుకే నాదొక విన్నపం. మీ విద్య పేజీలో బిట్లు వేసేటప్పుడు పద్యం పూర్తిగా అచ్చువేసి, 'ఇది ఏ అలంకారం' అనే ప్రశ్న కింద 'ఈ పోలిక తీసేస్తే పద్యంలో ఏం పోతుంది' అని కూడా అడగండి. పేపర్లు దిద్దే లెక్చరర్లు కూడా గైడ్‌లో లేని జవాబు కనబడితే దయచేసి కొట్టేయకుండా మార్కులు వేయాలి.

– ఒక ఇంగ్లిష్ టీచర్, హన్మకొండ